పనిమనిషిని పంపాలంటే లైసెన్సు కావాలి, పెళ్లికూతుర్ని పంపాలంటే అక్కర్లేదు (గల్ఫ్ దారిలో మన ఆడోళ్లు - 5)



పోయిన భాగంలో ఖద్దామా వీసాల గురించి రాశాను. విజిట్ వీసా మీద దుబాయ్‌లో దింపి, అక్కడ్నించి ఇంకో దేశానికి మార్చేసే ఏజెంట్ల గురించి రాశాను. అది చదివి చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, పనికి పోయినోళ్ల సంగతి సరే, పెళ్లి చేసుకుని పోయినోళ్ల సంగతేంది?" అని. ఈ భాగం దాని గురించే. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు చట్టం చూద్దాం. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఒకటుంది. దాని ప్రకారం విదేశాలకు పనివాళ్లను పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, బ్యాంకు గ్యారంటీ కట్టాలి. పదో తరగతి పాసవని మనిషికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. ఆ పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి అయితే ప్రైవేటు ఏజెంటు ద్వారా పోవడానికే లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఆంధ్రలో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఈ రూల్ అమలు ఎంత అందంగా ఉందో పోయినసారే చెప్పుకున్నాం. గోదావరి జిల్లాల మాలపల్లెల్లో, కడప, రాయచోటి పక్క మాదిగవాడల్లో ఎవర్నడిగినా చెప్తారు. అయినా సరే, కాగితం మీద రూల్ అనేది ఒకటుంది. ఏజెంటుకు లైసెన్సు లేకపోతే కేసు పెట్టడానికి ఒక సెక్షన్ ఉంది.

ఇప్పుడు అదే ఆడమనిషిని, అదే దేశానికి, అదే ఇంటికి, భార్య పేరుతో పంపండి. ఎవరు అడుగుతారు? ఎవరూ అడగరు. ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉద్యోగానికి పోయేవాళ్లకు మాత్రమే. భార్య మొగుడి దగ్గరికి పోతుంది కాబట్టి ఆమెకు అది అక్కర్లేదు. 30 ఏళ్ల రూలు లేదు. కాంట్రాక్టు లేదు, జీతం లేదు, పని గంటలు లేవు, సెలవు లేదు. ఆ సంబంధం కుదిర్చినోడికి లైసెన్సు లేదు, రిజిస్టరు లేదు, గ్యారంటీ లేదు. పెళ్లిళ్ల బ్రోకర్ అనేవాడు మన చట్టాల్లో ఎక్కడా మనిషిగా కూడా లేడు. ఉన్నాడని ఊరందరికీ తెలుసు. ఒక్క ప్రభుత్వానికే తెలవదు!

జీతమిచ్చి తెచ్చుకునే పనిమనిషి కంటే నికా చేసి తెచ్చుకునే పనిమనిషి చవక. ఈ లెక్క బ్రోకర్‌కు తెలుసు, 70 ఏళ్ల ముసలోడికి తెలుసు. 2017లో హైదరాబాద్‌లో బయటపడ్డ కేసుల్లో ఈ మాటే వచ్చింది. తీసుకుపోయిన ఆడపిల్లలు కొందరు అక్కడ భార్యలుగా కాదు, ఇంటి చాకిరీకి, ఆ ముసలోళ్లకు సేవలకు తేలారు.

పాతబస్తీలో ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. షేక్ టూరిస్టు వీసా మీద దిగుతాడు. గెస్ట్‌హౌస్‌లోనో లాడ్జిలోనో దిగుతాడు. కొందరు వైద్యం కోసమని కూడా వస్తారు. బ్రోకర్ ఫోన్‌లో ఫొటోలు చూపిస్తాడు. తర్వాత పిల్లల్ని ఎవరింట్లోనో వరసగా కూర్చోబెడతారు. నచ్చిన పిల్లకు ఖాజీ వచ్చి నికా చదువుతాడు. ముట్టిన డబ్బులో బ్రోకర్ వాటా, ఖాజీ వాటా, గది ఇచ్చినోడి వాటా పోను మిగిలింది తల్లిదండ్రులకు. నికా కాగితాలతో పాటే తలాక్ కాగితం మీద కూడా ముందే సంతకాలు తీసుకున్న కేసులున్నాయి. పెళ్లికీ విడాకులకూ ఒకటే పెన్ను. కొన్ని వారాలకు షేక్ విమానం ఎక్కుతాడు. కొందరు పిల్లను తీసుకుపోతారు, ఎక్కువమంది తీసుకుపోరు. పిల్ల వయసు 15 ఉంటే కాగితంలో 20 అవుతుంది, 24 అవుతుంది. బ్రోకర్లలో కొందరు ఆడవాళ్లు, వాళ్లలో ఒకప్పుడు ఇట్లాగే షేక్‌తో పెళ్లయి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ సంగతి విని "చూశారా, ఆడదానికి ఆడదే శత్రువు" అని తీర్పు చెప్పే పెద్దమనుషులు ఒక్కసారి ఆలోచించండి. 16 ఏళ్లకు వాడి పారేసినాక ఆమెకు ఈ సమాజం వదిలిన ఉపాధి ఏంటి?

ఇంకో సంగతి ఉంది, దీన్ని మన పత్రికలు దాదాపు రాయవు. ఒమన్‌లో 1993 నుంచి 2023 దాకా ఒక చట్టం ఉండేది. ఒమన్ మనిషి విదేశీ ఆడమనిషిని పెళ్లి చేసుకోవాలంటే ముందు వాళ్ల ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. సౌదీలో కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశీ పెళ్లి కుదరదు. అంటే ఏంటి? హైదరాబాద్ లాడ్జిలో రాసిన నికానామా మస్కట్‌లో దిగేసరికి చిత్తుకాగితం అయ్యేది. ఈ సంగతి షేక్‌కు తెలుసు, బ్రోకర్‌కు తెలుసు. ఆ పిల్లకు, పిల్ల తండ్రికి మాత్రం తెలియదు. ఆటో నడిపే తండ్రి ఒమన్ రాజశాసనాలు చదివి సంబంధం ఖాయం చేయాలా? చదవాల్సింది ఖాజీ. 1880 నాటి ఖాజీల చట్టం కింద ప్రభుత్వం నియమించే మనిషి ఖాజీ. "నీ దేశం అనుమతి పత్రం ఏది?" అని ఒక్క మాట అడిగితే ఆ గదిలో ఆ పెళ్లి ఆగిపోయేది. అడగలేదు కాబట్టే వాటా వచ్చింది.

ఇప్పుడు 1991కి పోదాం. ఆ ఒక్క సంవత్సరంలో మన తెలుగు నేలకు సంబంధించిన రెండు కేసులు దేశం ముందుకొచ్చాయి. రెండూ విదేశీ పెళ్లి కేసులే. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు.

మొదటిది. తిరుపతిలో 1975లో పెళ్లి. మొగుడు అమెరికా పోయి, అక్కడ మిస్సోరీ రాష్ట్రంలో 90 రోజుల నివాసం చూపించి, సెయింట్ లూయిస్ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. తర్వాత వచ్చి 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు, క్రిమినల్ కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, ఆ చట్టం ఒప్పుకునే కారణాల మీద తప్ప విదేశీ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. గొప్ప తీర్పు. ఇవాళ్టికీ ఎన్నారై మొగుళ్లు వదిలేసిన ప్రతి ఆడమనిషి లాయరు ఆ తీర్పునే చూపిస్తాడు. ఆ తల్లి పోరాటానికి దండం పెట్టాలి.

రెండోది. అదే 1991 ఆగస్టు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే విమానంలో ఒక పదేళ్ల పాప ఏడుస్తోంది. పక్కన 60 ఏళ్ల సౌదీ మనిషి. ఎయిర్‌హోస్టెస్ గమనించి అడిగితే నిజం బయటపడింది. ఆ పాప అతని "భార్య". తండ్రికి 6 వేలు ముట్టాయని అప్పటి పత్రికలు రాశాయి. అతన్ని అరెస్టు చేశారు. ఢిల్లీలో కేసు నడిచింది. ఆ సౌదీ మనిషికి బెయిల్ వచ్చింది, దేశం దాటిపోయాడు. పాపను ప్రభుత్వ హోమ్‌లో పెట్టారు.

ఇంకోసారి చదవండి. ముసలోడికి బెయిల్, పాపకు హోమ్. నేరం చేసినోడు ఇంటికి పోయాడు, నేరం జరిగిన పిల్ల తాళం వెనకాల కూర్చుంది.

అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1982లో సాగర్ సర్హదీ 'బాజార్' సినిమా తీశాడు. కథ ఇదే, ఊరు హైదరాబాదే. దేశమంతా ఆ సినిమా పాటలు పాడుకుంది. అంటే ఎవరికీ తెలియకపోవడం అన్నది ఎప్పుడూ లేదు. 2017 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు ఐదుగురు ఒమన్ వాళ్లను, ముగ్గురు ఖతర్ వాళ్లను, వాళ్లతో పాటు ఖాజీలను, బ్రోకర్లను, లాడ్జివాళ్లను పట్టుకుంటే టీవీలన్నీ కొత్తగా కనిపెట్టినట్టు అరిచాయి. 1982 నుంచి 2017 దాకా 35 ఏళ్లు. ఏం కనిపెట్టారు సారూ?

టీవీలో వాడిన మాటలు గుర్తు తెచ్చుకోండి. అమెరికా అల్లుడు కోటి కట్నం తీసుకుని పిల్లను వదిలేస్తే అది "ఎన్నారై మోసం". తండ్రి "మోసపోయిన తండ్రి". యాంకరమ్మ గొంతు కూడా తడి అవుతుంది. పాతబస్తీ పిల్లను షేక్ వదిలేస్తే మాత్రం "తల్లిదండ్రులే అమ్ముకున్నారు". ఇద్దరు తండ్రులూ డబ్బు చేతులు మారిన పెళ్లే చేశారు. ఒకరు ఇచ్చారు, ఒకరు తీసుకున్నారు. ఇచ్చినోడు బాధితుడు, తీసుకున్నోడు నేరస్థుడు. కట్నం ఇవ్వడం కూడా 1961 నుంచి నేరమే కదా? ఆ తండ్రి మీద ఏ స్టూడియోలో ఎవరైనా వేలు చూపించారా? మోసపోవడానికి కూడా ఈ దేశంలో ఒక హోదా కావాలి. హోదా లేనోడు అమ్ముకుంటాడు తప్ప మోసపోడు.

పిల్లను ఇచ్చిన తండ్రి తప్పు చేయలేదని నేను అనడం లేదు. చేశాడు. కానీ వరసలో చిట్టచివరి మనిషిని పట్టుకుని, మొదటి మనిషిని విమానం ఎక్కించే న్యాయం ఏం న్యాయం?

ఇక ఈ కేసులు బయటపడగానే ఒక బ్యాచ్ దిగుతుంది. "చూశారా, వాళ్ల మతమే అంత" అని. అయ్యా, ఆగండి. జోగినిలను ఊరి దేవుడికి కట్టబెట్టి ఊరి దొరలు వాడుకున్న నేల ఇది. ఆ జోగినిలు ఏ కులం పిల్లలు? మాదిగ, మాల పిల్లలు. దాన్ని నేరం చేయడానికి ఉమ్మడి ఆంధ్రలో 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. పేద పిల్ల ఒంటికి ఒక పవిత్రమైన పేరు తగిలించి వాడుకోవడం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. ఒకచోట దానికి దేవుడి పెళ్లి అని పేరు, ఇంకోచోట నికా అని పేరు. ముస్లిం పెద్దలకు కూడా ఇదే మాట చెప్తున్నా. పాతబస్తీలో ఎవరి పిల్లలు ఆ గదుల్లో వరసగా కూర్చుంటున్నారో చూడండి. నవాబుల మనవరాళ్లు కూర్చోవడం లేదు. ఆటోవాళ్ల, కూలీల, చెత్త ఏరుకునేవాళ్ల పిల్లలు కూర్చుంటున్నారు. ఈ సంగతి బయట మాట్లాడితే సమాజం పరువు పోతుందన్న మాట నేను మా వాడల్లో కూడా విన్నాను. పరువు అనేది ఎప్పుడూ ఆ పిల్ల ఒంటి మీదే ఎందుకు మోయించాలి? సుల్తాన్‌షాహీలో 'షాహీన్' సంస్థ పెట్టి, ఈ పెళ్లిళ్ల మీద ఏళ్లకేళ్లు కొట్లాడుతున్న జమీలా నిషాత్ ముస్లిం ఆడమనిషే, దక్కనీ కవయిత్రే. బయటినుంచి వచ్చి ఉద్ధరించే హీరోలు అక్కర్లేదు, లోపల కొట్లాడేవాళ్ల పక్కన నిలబడితే చాలు.

సరే, ఇక అమెరికా సంబంధాల దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకు మనవాళ్లతోనే పేచీ ఉంది.

1916లో కొలంబియాలో బాబాసాహెబ్ కులాల మీద తన మొదటి వ్యాసం చదివారు. కులం నిలబడేది సొంత కులంలోనే పెళ్లి అనే కట్టడి మీద అని అందులో తేల్చారు. నూరేళ్లు దాటాయి. ఆయన చదువుకున్న అమెరికాకే మన తెలుగోళ్లు ఆ కట్టడిని సూట్‌కేసులో పెట్టుకుని తీసుకుపోయారు. పెళ్లిళ్ల పేరయ్య దగ్గర చూడండి. కులం, ఉపకులం, గోత్రం, నక్షత్రం అన్నీ ఏడు తరాల దాకా తవ్వుతారు. పిల్లోడి వీసా ఏంటి, జీతం చీటీ ఏది, ఇంతకుముందు పెళ్లయిందా, అక్కడ కోర్టులో కేసులున్నాయా, ఒక్కటీ అడగరు. అడిగితే సంబంధం చెడిపోతుందట! కులం కలిసింది కాబట్టి నమ్మకం కలిసిందనుకుంటారు. మోసగాడికి అంతకంటే మంచి తాళంచెవి ఏముంది? కులం సర్టిఫికెట్టే వాడి క్యారెక్టర్ సర్టిఫికెట్టు.

హెచ్-1బి వీసా మీద ఉన్న మొగుడి వెంట పోయే భార్యకు హెచ్-4 ఇస్తారు. ఆ వీసా ఆయన వీసాకు తోక. ఆమె అక్కడ ఉండటం ఆయన దయ మీద. 2015 దాకా హెచ్-4 మీద ఉన్న భార్యకు ఉద్యోగం చేసే హక్కే లేదు. తర్వాత ఇచ్చారు కానీ అందరికీ కాదు, మొగుడి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్లకే. ఇక్కడ ఇంజనీరింగ్ చదివిన పిల్ల అక్కడ ఇంటి అద్దెకు కూడా మొగుడి చెయ్యి చూడాలి. కొడితే ఎవరికి చెప్తుంది? చెప్తే వీసా పోతుందని భయం. ఆ కిచెన్‌కీ మస్కట్ కిచెన్‌కీ తేడా ఫ్రిజ్ సైజులో ఉంటుందేమో.

ఇప్పుడు మనవాళ్లు. రిజర్వేషన్ మీద ఉద్యోగం తెచ్చుకుని, పిల్లలను చదివించుకున్న మన మొదటి తరం కుటుంబాలు కూడా ఈ ఎన్నారై క్యూలో నిలబడుతున్నాయి. ప్లాటు అమ్మి, పీఎఫ్ తీసి కట్నం ఇస్తున్నారు. అంబేడ్కర్ ఫొటో ఉన్న హాల్లోనే "మావాడు అమెరికా, మీరెంత పెడతారు" అనే మాట నడుస్తోంది. అన్నా, అక్కా, మీకు వెనక ఆస్తి లేదు. అగ్రకులపోడు మోసపోతే రెండెకరాలు పోతాయి, మిగతాది ఉంటుంది. మీకు పోయేది ఒక తరం చదువు, ఒక తరం జీతం. పిల్లకు ఇచ్చేది ఏదైనా ఉంటే ఆమె పేరు మీద ఇవ్వండి, ఆమె అకౌంట్లో వేయండి.

దీంట్లోనే ఇంకో రకం మోసం ఉంది, త్వరగా చెప్పేస్తా. భర్త చనిపోయినవాళ్లు, విడాకులైనవాళ్లు మాట్రిమోనీ సైట్లో పేరు పెడతారు. లండన్ డాక్టర్ అంటూ ఒకడు తగులుతాడు. నెల రోజుల తీపి మాటలు, తర్వాత గిఫ్ట్ పార్సిల్ పంపానంటాడు. ఢిల్లీ ఎయిర్‌పోర్టు కస్టమ్స్ అంటూ ఫోన్ వస్తుంది, సుంకం కట్టమంటారు, ఇంకోసారి కట్టమంటారు. ఏ కస్టమ్స్ ఆఫీసూ ఎవరి సొంత బ్యాంకు అకౌంటుకో డబ్బు వేయమని ఫోన్ చేయదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. టీచరమ్మలు, నర్సమ్మలు దీంట్లో పడ్డారని నవ్వేవాళ్లకు నాదో ప్రశ్న. ఆమె రెండో పెళ్లి మాట ఎత్తితే మీ ఇంట్లో, మీ పేటలో ఎవరైనా నోరు మెదిపారా? తలుపులన్నీ మీరు మూస్తే వాడు కిటికీ తెరిచాడు.

బ్రోకర్‌ను చట్టంలోకి తేవడం కుదరదని, పెళ్లి అనేది కుటుంబ విషయమని చెప్పేవాళ్లున్నారు. బయట దేశాలు ఎట్లా తెచ్చాయో చూడండి. ఫిలిప్పీన్స్ 1990లోనే వ్యాపారంగా విదేశీయులకు పెళ్లికూతుళ్లను కుదర్చడాన్ని నేరం చేసింది, 2016లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. అమెరికా 2005లో చట్టం చేసింది. అంతర్జాతీయ పెళ్లి బ్రోకర్ అమెరికా మొగుడి నేర చరిత్రను ముందుగా ఆ విదేశీ అమ్మాయికి చెప్పాలి. దక్షిణ కొరియాలో 2008 నుంచి బ్రోకర్లకు రిజిస్ట్రేషన్ ఉంది. 2010లో వియత్నాం నుంచి వచ్చిన ఒక కొత్త పెళ్లికూతుర్ని వచ్చిన ఎనిమిది రోజులకే మొగుడు చంపేశాడు. ఆ తర్వాత పాత పెళ్లిళ్లు, ఆరోగ్యం, ఉద్యోగం, నేర చరిత్ర కాగితాలు ముందే ఇవ్వాలన్న నియమం అమల్లోకి వచ్చింది.  

మన దగ్గర? ఎన్నారై పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టారు. 30 రోజుల్లో పెళ్లి రిజిస్టర్ చేయాలి, చేయకపోతే పాస్‌పోర్టు లాక్కోవచ్చు, వెబ్‌సైటులో సమన్లు పెట్టొచ్చు. అది కమిటీకి పోయింది. 2024లో లా కమిషన్ మళ్లీ రిపోర్టు రాసి సమగ్ర చట్టం కావాలంది. అంటే ఐదేళ్లు బిల్లు నిద్రపోయింది. ఆ బిల్లులో కూడా ఎన్నారై అంటే భారత పౌరుడు. టూరిస్టు వీసా మీద వచ్చే షేక్ దాంట్లోకి రాడు. అంటే మేడ మీద పిల్లకు సగం చట్టం, బస్తీ పిల్లకు అది కూడా లేదు.

నేను అడిగేది ఆడవాళ్ల ప్రయాణం ఆపమని కాదు. 30 ఏళ్ల రూల్ పెట్టినాక ఆడవాళ్లు పోవడం ఆగలేదు, దొంగదారులు పెరిగాయి. కట్టేయాల్సింది బ్రోకర్‌ను. ఏజెంటుకు ఉన్న లైసెన్సు, గ్యారంటీ, జైలు వీడికీ పెట్టండి. విదేశీ మనిషి పెళ్లికి వాళ్ల ఎంబసీ కాగితం లేనిదే ఖాజీ అయినా, పూజారి అయినా, పాస్టర్ అయినా చెయ్యి ఎత్తకూడదు.

చట్టం వచ్చేదాకా ఉన్నవి వాడుకోండి. 2006 బాల్యవివాహాల చట్టంలో 12వ సెక్షన్ చూడండి. మైనర్ పిల్లను పెళ్లి కోసం అమ్మినా, మోసంతో తీసుకుపోయినా ఆ పెళ్లి చెల్లదు, మొదట్నించీ లేనట్టే. 13వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు ముందుగానే పెళ్లి ఆపవచ్చు. 2017 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు 18 ఏళ్లలోపు భార్యతో సంబంధం కూడా అత్యాచారమే అంది. కాబట్టి "పెళ్లి చేసుకున్నాను" అనే మాట షేక్‌ను కాపాడదు. మనుషుల అక్రమ రవాణా ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. దాంట్లో బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే రాదు. పిల్ల ఎస్సీ అయి, ఆ సంగతి తెలిసే ఎస్సీ, ఎస్టీ కాని బ్రోకర్ ఇదంతా చేస్తే అట్రాసిటీ చట్టం 3(2)లో ఐదో క్లాజు కూడా అడగండి.

స్టేషన్‌లో మొగుడి పేరు రాస్తారు, మీ పేరు రాస్తారు, ఒక్కోసారి తల్లిదండ్రుల్ని ముద్దాయిలను చేస్తారు. బ్రోకర్‌ను సాక్షి అనో, మధ్యవర్తి అనో రాసి పక్కన పెడతారు. ఎఫ్ఐఆర్ మొత్తం చదివించుకోండి, మీకు అర్థమయ్యే భాషలో. బ్రోకర్ పేరు, ఫోన్ నంబరు, వాడికి ముట్టిన డబ్బు, నికా చదివినోడి పేరు ముద్దాయిల వరసలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే సంతకం పెట్టకండి, రాయించినాకే పెట్టండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకునే బయటికి రండి.

(ఇంకా ఉంది)